పదకొండు గంటలకు తూలే చిలకమ్మ

ఫిజియోథెరపీ చదివి కొత్తగా పనిలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి, వాటి వల్ల రోగుల కాళ్ళూ చేతులూ బాగుపడింది లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం వివరంగా రాస్తాను. ఆ తప్పు ఎనిమిది వారాలు నడిచింది. దానికి లెక్క నా దగ్గరే ఉంది.

కరెంటు గది

1991 నుంచి 2007 దాకా అరకు లోయలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో పనిచేశాను. నాది చివరి గది. ఒక మంచం, పట్టుకుని నడవడానికి ఇనుప గొట్టాలతో చేయించిన రెండు కమ్మీలు, నిలువెత్తు అద్దం, కాపడం సంచులు వేడిచేసే నీళ్ళ తొట్టి, కండరాలకు కరెంటు పెట్టే స్టిమ్యులేటరు. తలుపు మీద నా పేరూ డిగ్రీలూ రాసిన బోర్డు ఉండేది. ఎవరూ చదివిన దాఖలా లేదు. అందరికీ అది కరెంటు గది.

కొండల్లోంచి వచ్చేవాళ్ళు నా వైద్యాన్ని ఒకే ఒక్క కొలతతో తూచేవారు. ఎంత గట్టిగా అదిరింది? జి.మాడుగుల వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన పది నిమిషాలు ఓపిక పట్టి, చివరికి కోప్పడ్డాడు.

"మా బావకి మంచం మీంచి ఎగిరిపడీలాగ ఏసినావంట. నాకేటమ్మా, సీమ పాకినట్టున్నాది? రెండు కొండలు దిగి వచ్చినాను నాను."

అలా అదిరించడం వైద్యం కాదని ఆయనకి చెప్పాను. ఆయన నమ్మలేదు. మీకూ చెబుతున్నాను, మీరైనా నమ్మండి. కరెంటు కాలికి బలం ఇవ్వదు. కదలడం మరిచిపోయిన కండరానికి ఎలా కదలాలో గుర్తు చేస్తుంది, అంతే. గుర్తు చేసిన దాన్ని ఆ మనిషి మళ్ళీ మళ్ళీ నడిచి వాడుకోవాలి. మిషను ముందు మురిసిపోయే పిల్లల్ని చాలామందిని చూశాను. నేనూ అందులో ఒకదాన్నే. మా స్టిమ్యులేటరుకి నేనే స్వయంగా గుడ్డ తొడుగు కుట్టాను. అంచుకు లేసు కూడా పెట్టాను.

నాకు ఇంకొక మురిపెం ఉండేది, రాసుకోవడం. ప్రతి రోగికీ ఒక పుస్తకం. తేదీ, వచ్చిన వేళ, చేసిన వైద్యం, ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలిచారు, ఎన్ని అడుగులు పడకుండా నడిచారు. మా పెద్ద డాక్టరు గారు, ఎముకల వైద్యుడు, మాట నెమ్మది, నా పుస్తకాలను చూసి, "ఇంత శ్రద్ధగా రాస్తారు కదా, ఎప్పుడైనా చదువుతారా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. వారం రోజులు ఆయనకి నమస్కారం తప్ప ఇంకేం చెప్పలేదు.

ఎవరి చెట్టు కల్లు

1999 మార్చి ఒకటో తారీకు, సోమవారం, చిలకమ్మ వచ్చింది. వయసు ఇరవై తొమ్మిది. మా ఆసుపత్రికి మూడు కిలోమీటర్ల దూరంలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. విశాఖపట్నంలో పెద్ద స్కాను తీసి ఆమెకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. ఈ జబ్బులో మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద ఉండే పొర అక్కడక్కడ దెబ్బతింటుంది. మెదడు కాలికి పంపిన కబురు దారిలో చిక్కుకుపోతుంది. చిలకమ్మకి కుడి పాదం ముందుభాగం లేవక నేలకి రాసుకునేది. దానికితోడు నిలకడ లేదు. నడుస్తూ ఉన్నట్టుండి పక్కకి తూలేది.

అంత పెద్ద జబ్బు పేరు వింటే ఎవరైనా భయపడతారు. చిలకమ్మ భయం వేరే.

"తాగినాదని నన్ను పనిలోంచి మానిపించీసినారమ్మా," అంది మంచం అంచున కూర్చుని.

"తాగుతావా?"

"నేదు. నాకు కల్లంటే కడుపులో తిప్పుతాది."

ఆ బడి వార్డెన్ గారిది మైదానం ఊరు, నాలాగే. ఆవిడ వాదన చాలా పకడ్బందీగా ఉంది, ఒప్పుకోవాలి. చిలకమ్మ పొద్దున ఆరింటికి వంటశాలకి వచ్చినప్పుడు చక్కగా నడుస్తుంది. పదకొండింటికి అన్నాల వేళకి తూలుతుంది. సాయంత్రానికి మళ్ళీ బాగుంటుంది. పొద్దున దించిన జీలుగు కల్లు మధ్యలో ఎవరో అందిస్తున్నారనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? ఫిబ్రవరిలో ఒకరోజు సాంబారు బకెట్టు ఒలికి ఒక పిల్ల పాదం మీద పడింది. బొబ్బ చిన్నదే. కాని ఆ మధ్యాహ్నమే చిలకమ్మని ఇంటికి పంపేశారు. జూన్‌లో బడి తెరిచేనాటికి తిన్నగా నడిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు అన్నారు.

"మరి మీ ఊళ్ళో ఏమంటున్నారు?"

"ఆల్లకీ కోపమే. తాగినందుకు కాదు. ఒక్కర్తినే తాగీసినానని. ఎవరి చెట్టుదే, ఎవరి చెట్టుదే అని అడుగుతన్నారు. మా అత్తయితే మరీను. నాకో సెంబుడు తేనేదని మూతి ముడుసుకుని కూకున్నాది."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది గాని, వెంటనే ఆపేసింది.

"పని పోతే పోనీ అనుకుందునమ్మా. తాగుబోతని పేరు పెట్టి పంపితే, ఇంక ఏ బడి గుమ్మమూ ఎక్కనివ్వరు. ఆ బడిలో ఆడగుంటలు రెండొందల మంది. ఆల్ల ముందర అన్నారు ఆ మాట."

నేను పుస్తకం తెరిచి మొదటి పేజీలో లక్ష్యం అన్నచోట రాశాను: జూన్ రెండో వారానికి నిండు బకెట్టుతో భోజనాల వసారా ఒక చివర నుంచి ఇంకో చివరకి. వారానికి మూడు రోజులు, మొత్తం నలభై ఎనిమిది సార్లు.

ముందు కాపడం, తర్వాత కరెంటు

మా కాలేజీలో ఒక వరస నేర్పారు. ముందు కాపడం, తర్వాత కరెంటు, ఆ తర్వాత వ్యాయామం. బిగుసుకున్న కండరం వేడికి వదులవుతుంది కాబట్టి. మోకాళ్ళ నొప్పికి, నడుం నొప్పికి, బెణుకుకి నేను అదే వరసలో చేశాను. చిలకమ్మ పిక్కలు కూడా బిగుసుకుని ఉన్నాయి. నడుం కింద ఒకటి, కాళ్ళ కింద రెండు వేడి సంచులు పెట్టి, వేడి పోకుండా పైన దుప్పటి కప్పి, కిటికీ మూసి, ఇరవై నిమిషాలు. వాచీ చూసి మరీ. ఆ తర్వాత మోకాలి కింద తడిగుడ్డ చుట్టిన రెండు పలకలు కట్టి కరెంటు. పాదం దానంతటది పైకి లేచేది.

"ఓలమ్మో, నాను నేపకుండానే నేచిపోతన్నాది," అని మొదటిరోజు ఆమె ఆశ్చర్యపోయింది. నాకు గర్వంగా ఉంది.

ఆ తర్వాత నిలకడ నేర్పడం. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడడం, కళ్ళు మూసుకుని నిలబడడం, ఊక నింపిన గోనెసంచి మీద నిలబడడం, సుద్దగీత మీద ఒక పాదం మడమని రెండో పాదం వేళ్ళకి ఆనిస్తూ నడవడం. చివరికి సగం నీళ్ళ బకెట్టు పట్టుకుని నడక. నేను వెనకాలే ఆమె నడుముకి కట్టిన పట్టీ పట్టుకుని వెళ్ళేదాన్ని.

"నన్ను సంతకి తోలుకుపోతన్నట్టున్నాది," అనేది. నీళ్ళు ఒలికినప్పుడు నేను ఒలికిన చోట్లు లెక్కపెట్టేదాన్ని. "ఒలికిన నీల్లు రాసుకునే బదులు తుడవొచ్చు గదా, డాక్టరమ్మా. జారి నువ్వు పడతావు."

పురోగతి మాత్రం చిత్రంగా ఉంది. ఒకరోజు బాగా నిలబడేది, మరురోజు కమ్మీ వదిలితే కూలబడేది. అప్పట్లో మా లోయలో కరెంటు తరచూ పోయేది. పోయినప్పుడు మిషను లేదు, సంచుల వేడీ లేదు. వెలుతురు కోసం కిటికీలు తెరిచి ఉత్త వ్యాయామం చేయించి పంపేసేదాన్ని. ఏప్రిల్ నెలాఖరుకి ఒకరోజు చిలకమ్మ నవ్వుతూ ఒక మాట అంది.

"ఓ మాటంటాను, కోపం తెచ్చుకోవుగదా? నీ కరెంటు నేని రోజునే నా కాలు మాట ఇంటన్నాది."

కోపం తెచ్చుకున్నాను. లేసు కుట్టిన మిషనుని అంటే రాదూ? "వైద్యం నువ్వు చేస్తున్నావా, నేను చేస్తున్నానా?" అన్నాను.

"నువ్వే సేత్తన్నావమ్మా. కాలు నాది, అంతే," అని బకెట్టు తీసుకుంది.

పెద్ద డాక్టరు గారి ప్రశ్న

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి మొదటిసారి పై నుంచి కిందకి చదివాను. అంటే, ఆమె మాట తప్పని నిరూపించడానికే చదివాను. ఇరవై నాలుగు సార్లు వచ్చింది. కరెంటు ఉన్న రోజులు పదిహేను, లేని రోజులు తొమ్మిది. కుడికాలి మీద నిలిచిన సెకన్లు కూడి భాగించాను. కరెంటు ఉన్న రోజుల్లో నాలుగు. లేని రోజుల్లో తొమ్మిది. తప్పు చేశానేమోనని ఇంకోసారి కూడి చూశాను. లెక్క మారలేదు.

పుస్తకం పట్టుకుని పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. "స్టిమ్యులేటరు ఈమెకి చెడు చేస్తోంది, ఆపేస్తాను," అన్నాను. ఎనిమిది వారాలు మిషనుని నెత్తిన పెట్టుకున్నదాన్ని, ఒక్క సాయంత్రంలో దాన్ని దోషిని చేసేశాను. ఆయన అంకెలు చూసి అన్నారు:

"కరెంటు పోతే మీ గదిలో ఏమేం ఆగిపోతాయో వరసగా చెప్పండి."

"మిషను. దీపం. కాపడం తొట్టి..."

అక్కడ ఆగాను. కాలేజీలో చదివిన ఒక వాక్యం గుర్తొచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఒంట్లో వేడి పెరిగితే నరాల్లో కబురు ఇంకా మందగిస్తుంది, బలం తగ్గుతుంది, చల్లబడితే మళ్ళీ తేరుకుంటారు. పరీక్షలో ఈ ప్రశ్నకి జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మార్కులు వచ్చిన విషయం ఎప్పుడూ గుర్తుంది, జవాబే ఆ సాయంత్రం దాకా గుర్తు రాలేదు.

"అయితే వారానికి మూడు రోజులు నేనే ఆమెని దుప్పటి కప్పి మరీ నీరసపరిచి, తర్వాత నిలబడమన్నాను," అన్నాను.

"కిటికీ కూడా మూశారు," అన్నారు ఆయన. ఆయన వేళాకోళాలు ఎప్పుడూ అంతే, చిన్నవి, సరిగ్గా తగిలేవి.

తర్వాతి సోమవారం చిలకమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ కాలు చెప్పింది సగం నిజం, తప్పు కరెంటుది కాదు, కాపడానిది, అంటే నాది అన్నాను. పిల్లలూ, రోగికి తప్పు ఒప్పుకోవడం కష్టమని అందరూ అంటారు. ఒప్పుకోవడం కష్టం కాదు. ఒప్పుకున్నాక వాళ్ళు మనల్ని ఓదార్చడం మొదలుపెడతారు చూడండి, అది కష్టం.

"పోనీలే అమ్మా, నువ్వేటి కావాలని సేసినావా," అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఇంతకీ, నువ్వెట్టిన వేడి ఇరవై నిమిసాలు. మా వంటసాలలో రెండు కట్టెల పొయ్యిలు. ఆరింటికి ముట్టించితే పదకొండింటికి దింపుతాను."

వార్డెన్ గారి సాక్ష్యం మొత్తం ఆ పొయ్యిల దగ్గరే ఉంది. పొద్దున బాగుంటుంది, పదకొండింటికి తూలుతుంది, సాయంత్రం తేరుకుంటుంది. ఆ మధ్యలో ఆమె రెండు వందల మందికి వండుతోందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

వార్డెన్ గారి పీట

మే నెలంతా, జూన్ మొదట్లో, కాపడం లేకుండా పద్దెనిమిది సార్లు చేశాం. కిటికీలు తెరిచి, మెడ మీద తడి తువ్వాలు వేసి, పొద్దున ఏడింటికే. ముందు కరెంటు, వెంటనే నడక. కుడికాలి మీద పద్నాలుగు సెకన్ల దాకా నిలిచింది. బకెట్టు నిండుగా పట్టుకుని మా ఆసుపత్రి వసారా చివరిదాకా వెళ్ళింది. పాదం పూర్తిగా లేచిందని చెప్పను. కాస్త రాసుకునేది. నిలకడ మాత్రం వచ్చింది.

బడి తెరిచిన వారంలో పెద్ద డాక్టరు గారి ఉత్తరం పట్టుకుని ఇద్దరం పొద్దున్నే వెళ్ళాం. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు కూడా ఉన్నారు. ఉత్తరం రెండుసార్లు చదివి, "ఈ జబ్బు తాగితే వస్తుందా?" అన్నారు.

"రాదండి," అన్నాను.

వార్డెన్ గారు ఒప్పుకోలేదు, నా వైపు తిరిగారు. "మేడమ్, ఇప్పుడు చక్కగానే నడుస్తుంది. నేనూ కాదనను. పదకొండింటికి చూడండి."

"అదే చూద్దాం," అన్నాను. "ఈమె మామూలుగా వంట చేస్తుంది. మీరు వంటశాలలోనే, ఆమె పక్కనే కూర్చోండి. మంచినీళ్ళు కూడా మీ చేత్తోనే ఇవ్వండి."

చిలకమ్మ నన్ను బయటికి పిలిచింది. అంత కోపంగా ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు.

"మూడు నెల్లు నిలబడ్డం నేర్పించి, ఇయాల అందరి ముందరా తూలమని తీసుకొచ్చినావా?"

తూలకుండా ఉండగలదని ఒక్కరోజు చూపిస్తే సరిపోదని, ఎందుకు తూలుతుందో వాళ్ళ కళ్ళతో చూడకపోతే మళ్ళీ ఎప్పుడు తూలినా అదే మాట అంటారని చెప్పాను. వేడికి వచ్చిన నీరసం చల్లబడితే పోతుందని పెద్ద డాక్టరు గారు చెప్పారు, కాబట్టి ప్రమాదం లేదు, నేను వెనకే ఉంటాను అన్నాను. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్ళిపోదాం అని కూడా అన్నాను.

ఆమె వంటశాల వైపు చూసింది. తలుపు దగ్గర నలుగురు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు.

"ఆవిడ మజ్జెలో లెగకూడదు. ఆ మాట సెప్పు," అంది.

వార్డెన్ గారు పొయ్యిల మధ్య పీట వేసుకుని కూర్చున్నారు. జరీ అంచు చీర కట్టుకుని వచ్చారు పాపం, ఆఫీసరు గారు వస్తున్నారని. మొదటి గంట చాలా నిటారుగా కూర్చున్నారు. రెండో గంటలో కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టారు. పొగకి కళ్ళు మండాయి. మూడో గంటలో పీట గుమ్మం వైపు జరుపుకోబోతే, చిలకమ్మ గంటె తిప్పుతూనే, "అక్కడికెల్తే నాకు కల్లు ఎవులిత్తన్నారో కనబడదు వార్డెనమ్మా," అంది. ఆవిడ పీట వెనక్కి జరుపుకున్నారు.

పదకొండింటికి అన్నం దింపారు. చిలకమ్మ వసారాలోకి రెండడుగులు వేసింది, మూడో అడుగుకి తూలింది. నేను నడుం పట్టీ పట్టుకున్నాను. పిల్లలెవరూ నవ్వలేదు. ఆఫీసరు గారు వాచీ చూసుకుని, "ఏమైనా తాగిందా?" అని వార్డెన్ గారిని అడిగారు. జవాబు చెప్పడానికి ఆవిడ పీట మీంచి లేచారు. అంతసేపు వేడిలో కూర్చున్న మనిషి ఒక్కసారిగా లేవడంతో కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని, అటూ ఇటూ ఊగి, మళ్ళీ కూలబడ్డారు.

నా పట్టీకి వేలాడుతూనే చిలకమ్మ అడిగింది. "అయ్యో వార్డెనమ్మా, మీరేటి తాగినారు?"

ఈసారి పిల్లలు నవ్వారు. ఆఫీసరు గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. వార్డెన్ గారు, ఆవిడ గురించి ఈ మాట తప్పకుండా రాయాలి, ముందు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, తర్వాత భుజాలు కదిలాయి. ఆవిడా నవ్వుతున్నారు. ఇద్దరినీ వసారాలో పక్కపక్కన కూర్చోబెట్టి మెడ మీద తడి తువ్వాళ్ళు వేశాను. అరగంట గడిచాక చిలకమ్మ లేచి, సాంబారు బకెట్టు ఎత్తుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది.

ఆమెని పొయ్యి దగ్గర్నుంచి తీసేసి, బియ్యం కొలిచి ఇవ్వడం, కూరలు తరగడం, వడ్డించడం అప్పజెప్పారు. తాగుతుందని రాసిన కాగితాన్ని వార్డెన్ గారే ఫైలులోంచి తీసి చింపేశారు. తప్పు ఒప్పుకోవడంలో ఆవిడ నాకంటే నయం. నాకు ఎనిమిది వారాలు పట్టింది, ఆవిడకి ఒక పూట.

ఆ తర్వాత

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, నా కథ విని ఎవరూ ఈ జబ్బు నయమైపోతుందని అనుకోకూడదు. 2003లో ఆమెకి జబ్బు మళ్ళీ తిరగబెట్టింది, ఎడమకాలు కూడా బలహీనపడింది. ఆరు వారాలు మళ్ళీ నా గదిలో. ఆ తర్వాత చేతికర్ర వచ్చింది. నేను పని మానేసేనాటికి ఆమె బకెట్టు మోయడం లేదు, కూర్చుని బియ్యం కొలుస్తోంది. మన కరెంటూ, మన వ్యాయామాలూ ఈ జబ్బుని ఆపలేవు. మనిషికి ఇంకొన్నేళ్ళు తన పని తనకి మిగల్చగలవు. అందులోనూ మన మూర్ఖత్వం అడ్డు రాకపోతేనే.

ఇక 1999కి వస్తాను. నలభై ఎనిమిదిలో ఇంకా ఆరుసార్లు మిగిలాయి. ఉద్యోగంలో చేరిన మరుసటి సోమవారం ఆమె రాలేదు. బుధవారం రాలేదు. శుక్రవారం కూడా రాకపోయేసరికి నేనే బయలుదేరి వెళ్ళాను, నాలుగు చివాట్లు పెట్టాలని. సరిగ్గా పదకొండున్నర. పిల్లలు వసారాలో రెండు వరసల్లో కూర్చుని ఉన్నారు. చిలకమ్మ బకెట్టుతో ఒక్కొక్క కంచం దగ్గర వంగుతూ, లేస్తూ, తువ్వాలు మెడన వేసుకుని వస్తోంది. నేను గుమ్మంలోనే నిలబడి పాదం చూశాను. ప్రతి ఐదారు అడుగులకీ రాసుకుంటోంది.

ఆమె నన్ను చూసింది. వరస చివర ఒక కంచం పెట్టి, కూర్చోమని గంటెతో చూపించింది. కూర్చున్నాను.

"ఆరు రోజులు బాకీ పడ్డావు," అన్నాను. "కుడికాలు ఈడుస్తున్నావు. వైద్యం మధ్యలో మానేస్తే ఎలా?"

"ఈడుత్తన్నానని నాకూ తెలుసు," అంది వడ్డిస్తూ. "ఎప్పుడు రమ్మంతావు సెప్పు? పొద్దున్న కూరలు తరగాలి, మజ్జేనం ఒడ్డించాలి, సాయంత్రం రేపటి బియ్యం కొలవాలి. పనున్నాదమ్మా నాకు." పక్క కంచంలోకి వంగి, నిలబడి, నా వైపు తిరిగింది. "కాలు ఈడుసుకొచ్చినా కూర సల్లారిపోనేదు గదా? తిను బేగి. ఎనకాల ఇంకా నలభై మంది గుంటలున్నారు."